సూదిమందు తెచ్చిన జ్వరం: ప్లేగు టీకా, ముల్కోవాల్ ఉదంతం

మన దేశంలో టీకాల చరిత్రను మశూచితో ఆరంభించడం పరిపాటి. 1802 జూన్ 14న బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ల పాపకు గోమశూచి టీకా ఫలించింది. నాటి నుంచి 19వ శతాబ్దం పొడవునా టీకా అన్నమాట ప్రధానంగా పసిపిల్లలకు సంబంధించినదిగానే వ్యవహారంలో ఉండిపోయింది. చేతిమీద పొక్కు లేచినా, ఒళ్లు కాలినా ఆ భారమంతా తల్లి ఒడి మోసేది. ఇంటిల్లిపాదీ దానిని అమ్మవారి పేరుతోనో, వేపమండలతోనో చల్లబరచుకొనేవారు. ఎదిగిన మనిషి తనంత తానుగా చేయి చాపి, సూది పొడిపించుకొని, ఆ తరువాత వచ్చే జ్వరాన్నీ నొప్పినీ తన కూలితోనూ తన భయంతోనూ భరించవలసిన సందర్భం సామూహికంగా ఎదురైనది ఆ శతాబ్దం చివరి దశకంలో. ముందు కలరా, ఆపైన ప్లేగు అందుకు కారణాలయ్యాయి. టీకా అనంతరం వచ్చే బాధ కేవలం వైద్య విషయమనే భావన మనలో చాలామందికి ఉన్నది. ఆనాటి చరిత్రను కొంత నిదానంగా పరిశీలిస్తే ఆ భావన నిలవదు.

ఈ కథలో ప్రధానపురుషుడు వాల్డెమార్ హాఫ్‌కిన్. 1860లో నల్లసముద్ర తీరాన ఒడెస్సాలో యూదు కుటుంబంలో జన్మించి, మెచ్నికోవ్ వద్ద జీవశాస్త్రం అభ్యసించి, పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో కలరా టీకాను రూపొందించినవాడు. 1892 జూలై 18న ఆ టీకాను మొట్టమొదట తన శరీరంపైనే ప్రయోగించుకొని, జ్వరపడి, తేరుకొన్నాడు. మరుసటి సంవత్సరం భారతదేశానికి వచ్చాడు. కలకత్తా బస్తీలలో ఆయన బృందంపై రాళ్లు పడ్డాయి. అప్పుడు ఆయనా ఆయన సహచర వైద్యులూ జనం కళ్లెదుటే తాము సూది పొడిపించుకొన్నారని, ఆ తరువాతనే బస్తీవాసులు ముందుకు వచ్చారని చెబుతారు. మాటలు నమ్మని మనిషి శరీరాన్ని నమ్ముతాడని ఆయన కలకత్తాలోనే గ్రహించాడనుకోవాలి. ఈ గ్రహింపు తరువాతి నాలుగేళ్లలో ఆయనకు ఎంతగానో అక్కరకు వచ్చింది.

1896 సెప్టెంబరులో బొంబాయిలోని మాండ్వీ ప్రాంతంలో డాక్టర్ అకాసియో వీగాస్ ప్లేగును గుర్తించాడు. ప్రభుత్వ ఆహ్వానంపై హాఫ్‌కిన్ అక్టోబరులో బొంబాయి చేరి, గ్రాంట్ వైద్య కళాశాలలో ఒక చిన్న గదిలో పని ప్రారంభించాడు. టీకా తయారైన పద్ధతి మన పాఠకులకు ఆసక్తి కలిగించగలదు. మాంసరసం నింపిన గాజుబుడ్లలో పైన నేతిచుక్కలు తేల్చేవారు. ప్లేగు సూక్ష్మజీవులు ఆ నేతిచుక్కలను పట్టుకొని, గుహల పైకప్పు నుంచి వేలాడే సున్నపు ఊడలవలె కిందికి తీగలు తీగలుగా పెరిగేవి. కొన్ని వారాలపాటు అలా పెంచి, వాటిని వేడితో చంపి, కొద్దిగా కార్బాలిక్ ఆమ్లం చేర్చి సీసాలలో నింపేవారు. హిందువులకు గాని ముస్లిములకు గాని అభ్యంతరం కలుగకుండా ఆ రసానికి మేకమాంసం వాడారు. వైద్యశాస్త్రంలో ఇది చిన్న విషయం కావచ్చు. సీసాలో ఏమున్నదని అడిగే జనం ఉన్న దేశంలో అది చిన్న విషయం కాదు.

1897 జనవరి 10న హాఫ్‌కిన్ ఈ మందును 10 ఘనసెంటీమీటర్ల మోతాదులో తనకు పొడిపించుకొన్నాడు. ఇతరులకు ఇవ్వదలచిన మోతాదుకు అది అనేక రెట్లు. కొన్ని గంటలలోనే తీవ్రమైన జ్వరం వచ్చింది. సూది దిగిన చోట వాపు, నొప్పి మొదలయ్యాయి. అయినా ఆయన పని మానలేదు. ఆ నెలలోనే బైకుల్లా కారాగారంలో ప్లేగు తలయెత్తగా, ఖైదీలలో ఇష్టపడినవారికి టీకా వేసి, వేయించుకోనివారితో పోల్చి చూశారు. వేయించుకొన్న వర్గంలో రోగమూ మరణమూ స్పష్టంగా తక్కువగా కనిపించాయి. ఖైదీల ‘ఇష్టం’ ఎంతటి ఇష్టమో అనే ప్రశ్న నేటి పాఠకునికి కలగడం సహజం. ఆనాడు ఆ ప్రశ్న వేసినవారు అరుదు.

హాఫ్‌కిన్ తన మందు జ్వరం తెస్తుందన్న సంగతిని దాచలేదు. పైగా ఆ జ్వరాన్నే మందు పనిచేస్తున్నదనడానికి గుర్తుగా భావించి, దానిని బట్టే మోతాదును నిర్ణయించే ప్రయత్నం చేశాడు. తలనొప్పి, ఒళ్లునొప్పులు, నీరసం ఒకటి రెండు రోజులు ఉంటాయని, చేయి వాపు మరికొన్ని రోజులు ఉండవచ్చునని టీకా వేసే వైద్యులకు తెలుసు. ఇది శాస్త్రజ్ఞుని దృష్టి. ఇక అదే జ్వరాన్ని మాండ్వీ గోదాములో బస్తాలు మోసే హమాలీ దృష్టితో చూద్దాం.

1897 ఫిబ్రవరిలో అంటురోగాల చట్టం వచ్చింది. ఇళ్లలో సోదాలు, రైలు ప్రయాణికుల పరీక్షలు, జ్వరపీడితులను ఆసుపత్రికీ వారి కుటుంబాన్ని వేరు శిబిరాలకూ తరలించడం సర్వసాధారణమయ్యాయి. అంతకు ముందే, 1896 అక్టోబరు చివర, మిల్లు కార్మికులు ఆర్థర్ రోడ్డు ఆసుపత్రిపై దాడి చేశారు. లక్షలాది జనం బొంబాయి విడిచిపోయారు. పూనాలో సైనికుల సోదాలు రగిల్చిన ఆగ్రహం 1897 జూన్ 22న ప్లేగు అధికారి రాండ్‌పై కాల్పులకు దారితీసింది. కాల్చినవారు చాపేకర్ సోదరులు. జ్వరం ఉన్నదని తెలియడమే ఒక నేరం వలె పరిణమించిన ఆ రోజులలో, ఆరోగ్యవంతునికి కోరి జ్వరం తెచ్చే మందును ప్రజల ముందు ఉంచారు. అంతేకాదు, ప్లేగు లక్షణాలు కూడా జ్వరంతోనూ, గజ్జలలోనో చంకలోనో బిళ్ళ కట్టడంతోనూ మొదలయ్యేవి. సూది పొడిపించుకొన్న మరునాడు ఒళ్లు కాలి, చేయి బిగుసుకుపోయిన మనిషి తనకు ప్లేగే అంటించారని అనుకొంటే దానిని మూఢత్వమని కొట్టివేయడం న్యాయం కాదు. అతని ఎదుట ఉన్న సాక్ష్యం అదే చెబుతున్నది.

టీకా వల్ల పుంసత్వం పోతుందని, సూది పొడిచిన వెంటనే మరణిస్తారని, కొంతకాలం గడిచాక మరణిస్తారని వదంతులు వ్యాపించాయి. అధికారపత్రాలు వీటిని అజ్ఞానానికి నిదర్శనాలుగా నమోదు చేశాయి. చరిత్రకారులు తరువాతి కాలంలో వీటిని పాలకులపై అపనమ్మకానికి నిదర్శనాలుగా చదివారు. రెండింటిలోనూ సత్యం ఉన్నది గాని, మూడవ సంగతి ఒకటి తరచు విస్మృతికి గురవుతున్నది. ఆ వదంతులకు ఆధారం మనుషుల శరీరాలలో నిజంగా కలిగిన బాధ. ఒకటి రెండు రోజులు మంచంపట్టడమంటే నెలజీతగానికి సెలవు, దినకూలీకి పస్తు. ఆ రోజుల కూలి ఎవరిస్తారన్నది మందు గుణదోషాల చర్చలో రావలసినంతగా రాలేదు.

అనుకూలంగా నడిచిన ఘట్టాలు కూడా ఉన్నాయి. ఖోజా సమాజపు నాయకుడు, అప్పటికి ఇరవై ఏళ్ల యువకుడైన మూడవ ఆగా ఖాన్ తన అనుయాయుల సమక్షంలో టీకా వేయించుకొన్నాడు. తరువాత వేలాది ఖోజాలు ఆయనను అనుసరించారు. ఆయనకు హాని కలుగలేదన్న సంగతి అందరికీ కనిపించింది. ప్రచారపత్రాలు చేయలేని పని అది చేసింది. ధార్వాడ జిల్లా హుబ్లీలో 1898లో పట్టణవాసులలో అత్యధికులు టీకా వేయించుకొన్నారు. అక్కడ చాలామందికి రెండు పర్యాయాలు వేశారు. టీకా పొందినవారికి ధ్రువపత్రం ఇచ్చి, దానిని చూపినవారికి వేరు శిబిరాల నిర్బంధం నుంచి సడలింపు ఇచ్చే పద్ధతి పలుచోట్ల అమలులోకి వచ్చింది. రెండు రోజుల జ్వరానికి బదులుగా ఇల్లు విడిచిపోనక్కరలేని స్వేచ్ఛ లభించింది. ఈ బేరం జనానికి అర్థమైంది. టీకా వ్యాప్తికి శాస్త్రంపై విశ్వాసం ఎంత తోడ్పడిందో, ఈ కాగితం ముక్క కూడా అంతే తోడ్పడిందనడం అతిశయోక్తి కాదు.

మద్రాసు రాజధానికి ప్లేగు 1898లో పాకింది. తెలుగువారు గణనీయంగా నివసించే బళ్ళారి, అనంతపురం ప్రాంతాలు దాని తాకిడికి గురైనవాటిలో ఉన్నాయి. రోగమున్న చోట నుంచి వచ్చే ప్రయాణికుడు ‘ప్లేగు పాస్‌పోర్టు’ తీసుకొని, గమ్యం చేరిన తరువాత కొన్ని రోజులపాటు తన ఆరోగ్యాన్ని అధికారులకు చూపించవలసి వచ్చేది. అటువంటి వ్యవస్థలో టీకా జ్వరం ఎంతటి చిక్కు తేగలదో ఊహించుకోవచ్చు. జ్వరాన్ని మన ఇళ్లలో లంఖణంతోనూ, గంజితోనూ, నొసట తడిగుడ్డతోనూ సాగనంపడం తరతరాల అలవాటు. అయితే ఈ జ్వరానికి చికిత్స కంటె ముందుగా కావలసినది, ఇది ఏ జ్వరమో చెప్పగలిగే మనిషి.

హాఫ్‌కిన్ ప్రయోగశాల 1899 ఆగస్టు 10న పరేల్‌లోని పాత గవర్నరు నివాసంలోకి మారింది. అక్కడి నుంచి లక్షల మోతాదులు దేశం నలుమూలలకూ, దేశాంతరాలకూ వెళ్లేవి. 1902లో పంజాబు ప్రభుత్వం రాష్ట్రవ్యాప్తంగా భారీ ఎత్తున టీకా కార్యక్రమం చేపట్టదలచింది. అంత మందు పాత పద్ధతిలో సకాలంలో తయారు కాదు. అందుచేత వారాల తరబడి రసంలో పెంచే పద్ధతికి బదులు త్వరగా పెరిగే అగరు పద్ధతిని అనుసరించి, కార్బాలిక్ ఆమ్లాన్ని విడిచి, వేడిమినే శుద్ధికి ఆధారంగా తీసుకొన్నారు. పాశ్చర్ సంస్థ ఆచారానికి ఇది అనుగుణమైనదే. అయినా ఈ మార్పే తరువాత హాఫ్‌కిన్ మెడకు చుట్టుకొన్నది.

1902 అక్టోబరు 30న పంజాబులోని ముల్కోవాల్ గ్రామంలో 107 మందికి టీకా వేశారు. ఆ గ్రామం నేడు పాకిస్తాన్‌లోని మండీ బహావుద్దీన్ జిల్లాలో ఉన్నది. వారం గడిచేసరికి వారిలో కొందరికి దవడలు బిగుసుకొన్నాయి. ధనుర్వాతం! మొత్తం 19 మందికి సోకింది. 19 మందీ మరణించారు. ఆ 19 మందికీ ఒకే సీసా నుంచి, 53-ఎన్ అనే గుర్తు గల సీసా నుంచి, మందు ఇచ్చారు. అదే రోజున ఇతర సీసాల నుంచి మందు పొందిన 88 మందికి ఏమీ కాలేదు.

టీకా మందు సహజంగా తెచ్చే బాధ వేరు, టీకా వేయడంలో జరిగే ప్రమాదం వేరు. ఈ భేదం నేటి ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణలో చెప్పే పాఠం. 1902లో దానిని నిర్ధారించే యంత్రాంగమే లేదు. ప్రభుత్వం ఒక విచారణ సంఘాన్ని నియమించింది. బొంబాయి ప్రధాన న్యాయమూర్తి లారెన్స్ జెంకిన్స్ అందులో సభ్యుడు. కాలుష్యం సీసా తెరవకముందే, అనగా బొంబాయి ప్రయోగశాలలోనే, జరిగి ఉంటుందని 1903లో సంఘం అభిప్రాయపడింది. హాఫ్‌కిన్ సంచాలక పదవికి దూరమయ్యాడు. 1904లో ఆయన ఇంగ్లండుకు వెళ్లిపోయాడు. విచారణ పత్రాలు గెజిట్టులో వెలువడేసరికి 1906 డిసెంబరు వచ్చింది. ఈ నాలుగేళ్ల మౌనం వల్ల నష్టపోయినది ఒక శాస్త్రజ్ఞుడు మాత్రమే కాదు. మందులోనే విషమున్నదా లేదా అన్న ప్రశ్నకు పంజాబు గ్రామీణుడికి ఎవరూ సమాధానం చెప్పలేదు. సమాధానం లేనిచోట అతడు తనకు తోచిన సమాధానం చెప్పుకొన్నాడు. టీకాలు కుంటుపడ్డాయి. ప్లేగు మాత్రం ఆగలేదు. 1907 ఒక్క సంవత్సరంలో దేశం మొత్తం మీద పది లక్షలకు పైగా ప్రజలు ఆ రోగంతో మరణించారు. పంజాబు అందరికంటె ఎక్కువగా నష్టపోయింది.

చిత్రమేమంటే, అసలు కీలకం విచారణ సంఘం ఎదుట నమోదైన వాంగ్మూలాలలోనే ఉన్నది. ముల్కోవాల్‌లో సీసా బిరడా తీసేటప్పుడు కంపౌండరు చేతిలోని పట్టకారు జారి నేలమీద పడింది. దానిని కార్బాలిక్ ద్రావణంలో ఒకసారి ఆడించి, దానితోనే బిరడా లాగారు. ధనుర్వాత బీజాలు మట్టిలో ఉంటాయి. ద్రావణంలో ఒక్కసారి ముంచినంత మాత్రాన నశించేవి కావు. ఈ విషయాన్ని పట్టుకొని ప్రపంచం ఎదుట పెట్టినవారిలో రోనాల్డ్ రాస్ ముఖ్యుడు. 1897 ఆగస్టు 20న సికిందరాబాదు బేగంపేటలో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్న రాస్ ఇతడే. హాఫ్‌కిన్ బొంబాయిలో ప్లేగుతో పోరాడుతున్న ఆ సంవత్సరమే మన గడ్డమీద ఆ ఆవిష్కరణ జరిగింది. 1902లో నోబెల్ బహుమతి పొందిన రాస్ మాటకు బరువున్నది.

ఆయన వాదం సరళమైనది. ధనుర్వాత బీజాలు బొంబాయిలోనే సీసాలో పడి ఉంటే వారాల తరబడి అక్కడ పెరిగేవి. సీసా తెరవగానే దుర్వాసన వచ్చేది. తెరిచిన వైద్యునికి అటువంటి వాసన తగలలేదు. పైగా సీసాలో విషం ముందే పేరుకొని ఉంటే రోగులకు లక్షణాలు ఇంకా త్వరగా కనిపించేవి. వారం ఆగి కనిపించాయంటే బీజాలు ఆనాడే, సీసా తెరిచినప్పుడే, ప్రవేశించి ఉండాలి. లండన్‌లోని లిస్టర్ సంస్థ కూడా ఆధారాలను పరిశీలించి, ప్రయోగశాలపై వచ్చిన ఆరోపణ నిలవదని భావించింది. 1907 జూలై 29న లండన్ ‘టైమ్స్’ పత్రికలో రాస్‌తోపాటు పలువురు ప్రసిద్ధ శాస్త్రజ్ఞుల సంతకాలతో లేఖ వెలువడింది. ఆ సంవత్సరం చివర ప్రభుత్వం హాఫ్‌కిన్‌ను తిరిగి ఉద్యోగంలోకి ఆహ్వానించింది. ఆయన యూదుడు కావడంవల్ల ఈ ఉదంతాన్ని ఫ్రాన్సులోని డ్రైఫస్ వ్యవహారంతో పోల్చినవారు ఉన్నారు. ఆ పోలికలో కొంత సబబు ఉన్నదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. అయితే దీనిని కేవలం ఒక మహానుభావునికి జరిగిన అన్యాయంగా చెప్పుకొనే సంప్రదాయంలో ఒక లోటున్నది. అక్కడ 19 కుటుంబాలు ఉన్నాయి. నేరం ప్రయోగశాలదా పట్టకారుదా అన్న వాదం ఐదేళ్లు ఖండాంతరాలలో నడిచింది. ఆ కుటుంబాల మాట ఆ వాదంలో దాదాపు వినిపించదు. జారిన పట్టకారు వెనుక ఉన్న పరిస్థితినీ గమనించాలి. ఒకే రోజున వందకు పైగా మనుషులకు, పల్లె ఆవరణలో, పరిమితమైన పరికరాలతో టీకా వేయాలి. వెనుక నుంచి లక్ష్యాలు తరుముతున్నాయి. కంపౌండరు ఒక్కడినే దోషిగా నిలబెడితే అది మరొక తొందరపాటు తీర్పే అవుతుంది.

సీసాకు గుర్తు ఉన్నందువల్లనే, ఎవరికి ఏ సీసా మందు పడిందో రాసి ఉంచినందువల్లనే, ముల్కోవాల్‌లో 19 మందినీ 88 మందినీ వేరుచేసి చూడగలిగారు. ఆ రాత లేకుంటే హాఫ్‌కిన్ ఎన్నటికీ నిర్దోషిగా తేలేవాడు కాదు. టీకా మొత్తానికే మచ్చ మిగిలేది. ఈనాడు ప్రతి టీకాకు జట్టు సంఖ్య రాయడం, టీకా తరువాతి అనారోగ్యాన్ని మందు వల్ల వచ్చినదా, వేసే విధానంలో లోపం వల్ల వచ్చినదా, కేవలం కాకతాళీయమా అని విడదీసి పరిశీలించడం ప్రపంచమంతటా స్థిరపడిన పద్ధతి. ఆ పద్ధతికి ముల్కోవాల్ ఒక్కటే మూలమని చెప్పలేము. కాని అది ఎందుకు అవసరమో అంత స్పష్టంగా చూపిన సంఘటనలు తక్కువ.

ప్లేగు తగ్గుముఖం పట్టిన తరువాత కూడా వయోజనుల చేతినొప్పి కొనసాగింది. జాతరలకు, తీర్థాలకు వెళ్లే యాత్రికులు కలరా సూదులు పొడిపించుకొని, ఒక రాత్రి జ్వరంతో మూలిగి, మరునాడు మూటాముల్లె సర్దుకొన్న జ్ఞాపకాలు నిన్నమొన్నటి తరం వరకు ఉన్నాయి. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు భయం పుట్టినప్పుడు మాత్రం జనం టీకా కోసం గాక టెట్రాసైక్లిన్ మాత్రల కోసం పరుగులు తీశారు. దేశంలోని పెద్దలందరూ మళ్లీ వరుసలో నిలబడవలసిన రోజు 2021లో వచ్చింది. ఆ సంవత్సరం జనవరి 16న కోవిడ్ టీకాలు మొదలయ్యాయి. వాటిలో ఒకటి హైదరాబాదులోనే తయారైనది. సూది అయిన తరువాత అరగంట కూర్చోబెట్టి గమనించడం, జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చునని ముందే చెప్పడం, అవసరమైతే పారాసిటమాల్ వేసుకొమ్మనడం నియమంగా పాటించారు. బొంబాయి కాలంలో లేని ఏర్పాటు ఇది. అయినా సాయంత్రానికి ఒళ్లు కాలినప్పుడు ఇది టీకా జ్వరమా, కోవిడే సోకిందా అని ఇంటింటా కలిగిన సంశయం సరిగ్గా 1897 నాటిదే. రేపటి కూలి మాటేమిటన్న ప్రశ్న కూడా అప్పటిదే. మొదటి ప్రశ్నకు ఈసారి పరీక్షలు జవాబు చెప్పాయి. రెండవదానికి జవాబు చెప్పే బాధ్యత చాలావరకు కుటుంబాల మీదనే పడింది.

హాఫ్‌కిన్ తిరిగి వచ్చింది బొంబాయికి కాదు. ఆయన స్థానంలో అప్పటికే వేరొకరు ఉన్నారు. కలకత్తాలో ఆయనకు పని అప్పగించారు గాని, మనుషులపై కొత్త టీకాలు ప్రయోగించి చూసే స్వేచ్ఛ ఇవ్వలేదు. 1914లో ఉద్యోగ విరమణ చేసి ఐరోపాకు వెళ్లిపోయాడు. 1925లో పరేల్ ప్రయోగశాలకు ఆయన పేరు పెట్టారు. ఆయన 1930లో స్విట్జర్లాండులోని లౌసాన్‌లో మరణించాడు. 1964లో భారత తపాలా శాఖ ఆయన చిత్రంతో ఒక బిళ్ళ విడుదల చేసింది.